నేలకు తగలకూడని కాయలు

ఏప్రిల్ 6, ఆదివారం

నడుము నొప్పి తగ్గలేదు. సూపర్‌వైజర్‌కు చెప్పిందీ నడుము నొప్పే, డాక్టరుకు చెప్పిందీ అదే, అమ్మకు చెప్పిందీ అదే. పది నెలలుగా చెప్పి చెప్పి ఇప్పుడు నిజంగానే కొంచెం నొప్పి పుడుతోంది. ఇక్కడ కూడా అదే రాస్తాను.

ఇక్కడ సింగపూరులో, లిటిల్ ఇండియాలో ఈ నోటుపుస్తకం కొన్నాను. మా గదిలో పన్నెండు మందిమి. తమిళులు, బెంగాలీలు, ఒక పంజాబీ. తెలుగు మాట్లాడేది నేనూ మునేషూ ఇద్దరమే. వాడిది బైరకూరు, మాది రాయల్పాడు, రెండూ కన్నడ రాష్ట్రంలోని సరిహద్దు ఊళ్లే. నోరు తెరిస్తే ఇద్దరిదీ ఒకటే యాస. కానీ వాడు చదివింది కన్నడ బడిలో, ఉత్తరం రాసినా కన్నడంలోనే. నేను ఆరో తరగతి నుంచి మదనపల్లెలో మామ ఇంట్లో ఉండి తెలుగు చదివాను. కాబట్టి ఈ పుస్తకం మంచం మీద తెరిచిపెట్టి పోయినా చదివే మొనగాడు ఈ గదిలో లేడు.

ముప్పై రెండంతస్తుల గాజుమేడ మా పని. మేడ నెత్తి నుంచి తాళ్లతో వేలాడే తొట్టెలో నిలబడి, గాజుపలకల సందుల్లో నీళ్లు దిగకుండా సీలెంట్ పూయాలి. ఆ తొట్టెను ఇక్కడ గొండోలా అంటారు. అందులో నేనూ మునేషూ జోడీ. పోయిన జూన్‌లో సెలవు నుంచి తిరిగొచ్చాక నేను అందులో కాలు పెట్టలేదు. కింద డబ్బాలు మోస్తున్నాను, పలకలు తుడుస్తున్నాను. నడుము నొప్పి గదా, డబ్బాలు ఎట్లా మోస్తున్నావని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మునేష్ కూడా అడగలేదు. నా వంతు కూడా వాడే పైకి పోతున్నాడు.


ఏప్రిల్ 8, మంగళవారం

అమ్మ ఫోన్ చేసింది. అన్న సంవత్సరీకం వచ్చే నెల ఎనిమిదో తేదీ అట.

"అది కానిచ్చినంక ప్రేమనూ పిల్లనూ బైరకూరుకు పంపిచ్చేస్తానప్పా. ఇంగ నాతో కాదు. దాని మొహం చూస్తా ఉంటే నా కొడుకే కనపడతాడు."

ప్రేమ మా వదిన, బైరకూరు ఆమె పుట్టిల్లు. పిల్ల నయన, ఐదేళ్లది. పదకొండు నెలలుగా అమ్మ వదినతో మాట్లాడడం లేదు. ఒకే ఇంట్లో ఉంటూ, చెప్పాల్సింది పిల్లతో చెప్పిస్తుంది.

"వదిన ఏం చేసిందమ్మా" అన్నాను.

"ఏం చేసిందా? కాయలు చేత్తోనే కోయాలని పట్టుబట్టింది ఎవరు? నువ్వే గదా చెప్పినావు!"

అవును, నేనే చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఊరగాయకు కోసే కాయ నేలకు తగలకూడదు. తగిలిన కాయ లోపల నలుగుతుంది, ఒక్కటి నలిగినా జాడీ అంతా పాడు. మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు. దోటితో లాగితే రాలి పడతాయి, చేత్తో కోయండని వదిన అన్న మాట నిజం. ఆ ఊరగాయ నాకోసమే, సింగపూరుకు కట్టివ్వడానికి. మా బావి దగ్గరిది నాటు మామిడి, మూడు మిద్దెల ఎత్తు. అన్న ఎక్కాడు. కాలు జారింది. నేను కింద ఉన్నాను.

వదిన మాటనే నేను చెప్పాను. సొంతంగా ఒక్క మాటా కల్పించలేదు.


ఏప్రిల్ 9

కాలు జారింది.


ఏప్రిల్ 12, శనివారం

ఇరవై ఎనిమిదో తేదీ సోమవారం అందరికీ ఎత్తు పరీక్ష అట. గొండోలాలో ముప్పై రెండో అంతస్తు వరకు పోయి, అక్కడ పది నిమిషాలు పనిచేసి దిగాలి. చేయలేనివాడి పర్మిట్ రద్దు, వారంలోగా ఇంటికి టిక్కెట్. సూపర్‌వైజర్ ఈ మాట చెబుతున్నంతసేపూ నావైపే చూశాడు. వాడికి నామీద మొదటినుంచీ కడుపుమంట.

నాకు ఎత్తంటే భయమని ఎవరైనా అంటే మా ఊరివాళ్లు నవ్వుతారు. కేజీఎఫ్‌లో ఐటీఐ చదివేటప్పుడు బంగారు గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీదికి పరుగెత్తి ఎక్కేవాళ్లం. పైకి చేరాక అందరూ రొప్పుతూ కూలబడితే నేను అంచున నిలబడి ఈల వేసేవాణ్ణి. ఇక్కడికొచ్చిన కొత్తలో గొండోలాలో నిలబడే టిఫిన్ తినేవాణ్ణి.

పోయిన జూన్ మూడో తేదీ మొదటిసారి కాళ్లు చచ్చుబడ్డాయి. మూడో అంతస్తు దాటగానే. నడుముకు పట్టీ కట్టుకున్నాను, కొక్కెం తగిలించుకున్నాను, పడిపోనని నాకు బాగా తెలుసు. అయినా చేతులు నా మాట వినలేదు. పట్టుకున్న కడ్డీని అవంతట అవే వదిలేస్తాయనిపించింది. పడతానని కాదు నా భయం. వదిలేస్తానని.

పరీక్షలో తప్పితే ఇంటికి పోవాలి. ఇంటికి పోతే వదిన ఎదురుగా నిలబడాలి. అది నావల్ల కాదు. ఇంకేదైనా చేస్తాను, అదొక్కటి వద్దు.


ఏప్రిల్ 13, ఆదివారం

సెలవు. సాధన చేద్దామని బయలుదేరాను. మా డార్మిటరీ ముందు రోడ్డు దాటడానికి పాదచారుల వంతెన ఉంది. ఇరవై అడుగుల ఎత్తు ఉంటే గొప్ప. ముసలమ్మలు కూరగాయల సంచులు లాక్కుంటూ దాటిపోతున్నారు. నేను పద్నాలుగు మెట్లెక్కి కూర్చున్నాను. అరగంట కూర్చున్నాక ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ దిగొచ్చాను.

ఎండ ఎక్కువగా ఉండింది. అందుకే.


ఏప్రిల్ 16, బుధవారం

నయన వాయిస్ మెసేజ్ పంపింది. "చిన్నాయనా, మేము తాత ఊరికి పోతామంట. నా సైకిలు తీసుకుపోవచ్చా? అవ్వ వద్దంటాండాది. అది అవ్వది కాదు గదా చిన్నాయనా, నాయన కొనిచ్చింది గదా?"

నాలుగుసార్లు విన్నాను.


ఏప్రిల్ 19, శనివారం

ఆదివారం ఇరవై ఏడో తేదీ, ఊళ్లో పది గంటలకు పంచాయితీ పెట్టారు. మదనపల్లె నుంచి మామ వెంకటరమణప్ప వస్తాడు. బైరకూరు నుంచి వదిన వాళ్ల నాన్న వెంకటేశప్ప వస్తాడు. కూతుర్ని ఎందుకు పంపిస్తున్నారో నలుగురిలో తేల్చమని ఆయనే అడిగాడట.

"నువ్వు కళ్లారా చూసినోడివి. ఫోను స్పీకర్లో పెడతాను. ప్రేమ చెప్తేనే వాడు చెట్టెక్కినాడని ఒక్క మాట చెప్పు, సాలు. ఆయప్పే కూతుర్ని తీసుకోని పోతాడు" అంది అమ్మ.

"ఫోన్లో ఎందుకమ్మా ఇవన్నీ?"

"ఇంగ ఎవరు చెప్తారప్పా? ఆడ నువ్వొక్కడివే ఉండింది."

సరే అన్నాను. ఏమనాలి మరి?


ఏప్రిల్ 20, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. పదకొండు నెలల్లో నాకు తనంతట తాను చేయడం ఇదే మొదలు. అమ్మ పొలానికి పోయిందట, గొంతు తగ్గించి మాట్లాడింది. ఇప్పుడు ఉత్త జావ తాగి బతుకుతోందని నయన ఒకసారి చెప్పింది, గొంతు వింటే అది నిజమేననిపించింది.

"వచ్చే ఆదివారం నిన్ను అడుగుతారంట. నువ్వు చూసింది చెప్పప్పా, నాకేం బాధ లేదు. నేను అన్నది నిజమే గదా. నేను నోరు మూసుకోని ఉండుంటే ఆ మనిషి ఉండేవాడు."

ఫోన్ పట్టుకుని గది బయటికి వచ్చాను.

"ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. చేత్తో కోయాలంట అని నువ్వు పోయి చెప్తివి గదా. అప్పుడు మీ అన్న ఏమన్నాడు? కోపం చేసుకున్నాడా?"

"లేదు వదినా. నవ్వినాడు."

"నవ్వినాడా?"

"మహారాణి చెప్పినంక తప్పుతాదా అని నవ్వినాడు."

ఏడుస్తోందో, నవ్వుతోందో అర్థం కాలేదు. తర్వాత "అన్నం తిను, ఒళ్లు జాగ్రత్త" అని పెట్టేసింది. నాకు చెబుతోంది, అన్నం తినమని.

అన్న నవ్వింది నిజం. అదొక్కటి నిజం.


ఏప్రిల్ 21

రాయలేను.


ఏప్రిల్ 22, మంగళవారం

రాస్తాను. ఎవరూ చదవరు గదా.

కాయలకు చెట్టెక్కింది అన్న కాదు. నేను.

"ముప్పై అంతస్తుల మీద నిలబడేవాణ్ణి, ఈ చెట్టొక లెక్కా అన్నా" అన్నాను. నడుముకు తాడు కట్టుకోమన్నాడు. తాడెందుకని నవ్వాను. ఉన్న తాడు సంచికి కట్టాం. నేను పైన చేత్తో కోసి సంచి నింపి దించుతుంటే అన్న కింద అందుకుని, కాయ కాయా తుడిచి బుట్టలో పేర్చాడు. నాలుగు సంచులు దించాం. ఒక్క కాయ నేలకు తగల్లేదు. ఐదోదానికి మంచి కాయలు పై కొమ్మన తప్ప లేవు. ఇవి చాలురా, దిగు అన్నాడు అన్న. నేను వినలేదు. సింగపూరు మొనగాణ్ణి గదా.

కాలు పెట్టిన కొమ్మ కిర్రుమంది. గాజుమేడ మీద తొట్టె ఉంటుంది, పట్టీ ఉంటుంది, కొక్కెం ఉంటుంది. అవి ఉన్నందుకే నేను మొనగాణ్ణని, ఇక్కడ వాటిలో ఏదీ లేదని అప్పుడు తెలిసింది. కిందికి చూశాను. అంతే. "అన్నా, నాకు దిగేదానికి అయితా లేదన్నా" అని ఏడ్చాను. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"కదలొద్దురా. వస్తాండాను" అని లుంగీ ఎగ్గట్టి ఎక్కాడు. అన్నకు చెట్లెక్కే అలవాటు తప్పి చాలా ఏళ్లయింది. నా కింది కొమ్మ దాకా వచ్చి చెయ్యి చాపాడు. "నన్నే చూడు. కిందికి చూడొద్దు." పట్టుకున్నాను. అన్న నన్ను దించడానికి రెండో చేత్తో పట్టుకున్న కొమ్మ వదిలి నా నడుము పట్టుకోబోయాడు. ఆ క్షణంలో అన్న బరువంతా నా చేతిమీదే ఉంది. నా కాలికింద కొమ్మ మళ్లీ కిర్రుమంది.

నేను చెయ్యి లాక్కున్నాను. లాక్కుని మానును కౌగిలించుకున్నాను.

అన్న అరవలేదు.

ఎట్లా దిగానో తెలియదు. దిగాలంటే దిగగలిగాను, అదొక పాపం. వదిన ఇంట్లోంచి పరుగెత్తుకుని వచ్చింది, చేతులనిండా ఆవపిండి. "ఎట్లా పడినాడు? ఎట్లా పడినాడప్పా?" అని నా చొక్కా పట్టుకుంది. "కాయలకు ఎక్కినాడు వదినా, కాలు జారింది" అన్నాను. అక్కడితో ఆపి ఉండాల్సింది. "నువ్వు చేత్తో కోయమంటివి గదా" అని కూడా అన్నాను. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. దానంతటదే నోట్లోంచి వచ్చింది. అమ్మ అప్పుడే గడప దాటి వస్తూ ఆ మాట విన్నది.

వదిన చేతులు నా చొక్కా వదిలేశాయి. అప్పటినుంచి ఆ మనిషి ఇంకెవరినీ ఏమీ అడగలేదు, మొన్న నన్ను అడిగేదాకా.


ఏప్రిల్ 24, గురువారం

పని నుంచి వచ్చేసరికి మునేష్ నా మంచం మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకం వాడి ఒళ్లో ఉంది.

"అది నీకు రాదు గదా" అన్నాను. నోట్లోంచి మొదట వచ్చిన మాట అది. సిగ్గుమాలిన మాట.

"మా ఊరి భజనగుంపులో పాటల పుస్తకాలన్నీ తెలుగులోనే ఉండాయి. ఎనిమిదేండ్లు తాళం కొట్టి పాడినాను. అక్షరాలు రావనుకుంటివా?" అన్నాడు. "రాసేదానికి రాదు. చదివేదానికి వస్తాది. రెండు దినాలు పట్టింది."

ఎందుకు చదివావని అడగలేదు. ఏడుస్తూ రాసే మనిషిని పక్క మంచంవాడు ఎన్నాళ్లు చూస్తూ ఊరుకుంటాడు?

"ప్రేమక్క మా వీధి మనిషి. మా అమ్మకు జరమొస్తే గంజి కాసి తెచ్చిచ్చిన మనిషి. పెండ్లికి నేనే పందిరి వేసినాను." పుస్తకం మూశాడు. "నీ నడుము నొప్పి అంటే నమ్మినాను గదరా నేను. పది నెలలు నీ పని నేను చేసినాను గదరా."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే నయం. పుస్తకం దిండుకింద పెట్టి స్నానానికి పోయాడు.


ఏప్రిల్ 25, శుక్రవారం

ఆదివారం ఫోన్ స్విచాఫ్ చేస్తే? నీళ్లలో పడిపోయిందని చెబితే? ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉన్నానని మునేష్ చేత చెప్పిస్తే? వాడు చెప్పడు.

"నువ్వు చెప్పెయ్ మునేషూ, మీ వెంకటేశప్పకు ఫోన్ చేసి" అని అడిగాను, భోజనాల దగ్గర.

"నేను చెప్పను. నేను చెప్తే మీ అమ్మ నమ్మదు. మా ఊరి ఆడబిడ్డ తరపున మాట్లాడతాండానంటాది. నువ్వే చెప్పాల." ముద్ద మింగి మళ్లీ అన్నాడు. "ఆదివారం పొద్దున్నే ఒక చోటికి పోదాం. ఊళ్లో పదంటే మనకు పన్నెండున్నర. అంతలోకి అయిపోతాది."

"ఎక్కడికి?"

"సోమవారం నువ్వు పైకి పోవాల గదా. కాళ్లు చచ్చినోణ్ణి ఊరికి పంపిచ్చి ఆ ఇంట్లో ఇంగొక పీనుగను పెట్టేది వద్దు."


ఏప్రిల్ 26

రేపు.


ఏప్రిల్ 27, ఆదివారం

వరుసగా రాస్తాను.

ఏడు గంటలకు బస్సెక్కాం. మెక్‌రిచీ అనే చెరువు పక్కన పెద్ద అడవి. రెండు గంటలసేపు మునేష్ నన్ను నడిపించాడు. కోతులు చూసి కూడా మాట్లాడలేదు. చివరికి రెండు గుట్టల నడుమ కట్టిన ఊగే వంతెన. పెద్ద పెద్ద చెట్ల తలలు దానికింద ఉన్నాయి. వెడల్పు ఒక మనిషి పట్టేంత. పావు కిలోమీటరు పొడుగు అని బోర్డు మీద ఉంది. ఇంకొక బోర్డు: ఒకవైపుకే నడవాలి, వెనక్కి తిరగకూడదు.

"నేను ఎక్కను" అన్నాను.

"పో" అన్నాడు. "నేను నీ ఎనకనే ఉంటాను."

ఎక్కాను. ఎందుకెక్కానో చెప్పలేను. వాడి మొహం చూడలేక ఎక్కి ఉంటాను. మొదటి ఇరవై అడుగులు రెండు చేతులా తీగలు పట్టుకుని, అన్నం వండేటప్పుడు గింజ పట్టి చూసినట్టు ఒక్కో పలక తొక్కి చూసుకుంటూ నడిచాను. తర్వాత గాలి వచ్చింది. వంతెన పక్కకు కదిలింది. పలకల సందుల్లోంచి కింద ఆకులు కనబడ్డాయి, ఆకుల కింద ఇంకా ఆకులు, నేల కనబడలేదు.

అక్కడే ఆగిపోయాను. సగం కూడా కాలేదు. మోకాళ్లు వంగి కూర్చుండిపోయాను. కళ్లు మూస్తే అన్న. తెరిస్తే ఆకులు. చచ్చిపోతే బాగుండును, ఇక్కడితో అయిపోతే పన్నెండున్నర రాదు గదా అనిపించింది. అవును, అనిపించింది. ఇక్కడ దాచడానికి ఏముంది.

మునేష్ వెనక ఒక చైనా ముసలావిడ, ఆవిడ వెనక వరుసగా జనం. ఎవరూ విసుక్కోలేదు. అదింకా నరకం. ముసలావిడ మునేష్ పక్కనుంచి చెయ్యి చాపి "స్లోలీ, స్లోలీ" అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మునేష్ వంగి తన చెయ్యి ఇచ్చాడు.

"చెయ్యి ఇవ్వొద్దురా!" అని అరిచాను. "పట్టుకుంటే వదిలేస్తాను. నీకు తెలుసు గదా, వదిలేస్తాను!"

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని నా పక్కన తీగ మీద పెట్టాడు. కోపం లేదు వాడి గొంతులో.

"సరే, పట్టుకోవద్దు. లెయ్యి. నీ ఎనక ఇరవై మంది నిలబడుకోనుండారు. ఎనక్కి పోయేదానికి లేదు. నువ్వు కదిలితేనే వాళ్లు కదిలేది."

ఎంతసేపున్నానో తెలియదు. ముసలావిడ సంచిలోంచి నీళ్ల సీసా తీసి నా పక్కన పలక మీద పెట్టింది. తాగాను. లేచాను.

"పన్నెండున్నరకు ఏం చెప్తావో ఇప్పుడు చెప్పు. ఈడ ఎవరికీ అర్థం కాదు" అన్నాడు మునేష్.

"అన్న కాయలకోసం ఎక్కలేదు" అన్నాను.

"గట్టిగా."

"అన్న కాయలకోసం ఎక్కలేదు. నాకోసం ఎక్కినాడు." ఒక అడుగు. "నేను చెయ్యి వదిలినాను." ఇంకొక అడుగు. "వదిన తప్పేం లేదు." మళ్లీ మొదటినుంచి. అడుగుకొక మాట. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, వంతెన ఊగుతూనే ఉంది, భయం ఒక్క పిసరు తగ్గలేదు. కానీ చేతులు తీగను వదల్లేదు. వదలవని నాకు అప్పుడు తెలిసింది. నోట్లోంచి ఆ మాట వస్తున్నంతసేపూ అవి వదల్లేదు.

అవతలి గుట్ట మీద మట్టి తొక్కగానే వాంతి చేసుకున్నాను. ముసలావిడ నా వీపు నిమిరి, నేను దేవుడి పేరు చెప్పుకున్నాననుకుందేమో, చేతులు జోడించి చూపించి నవ్వి పోయింది.

పన్నెండున్నరకు అక్కడే ఒక చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నాం. ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టారు. మామ గొంతు, అమ్మ దగ్గు, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"ఏమప్పా మునిశంకరా, బాగుండావా? మీ అమ్మ ఒక మాట అంటాండాది. వెంకటేశప్ప కూడా వచ్చినాడు. నువ్వు చూసింది చూసినట్లు చెప్పు. ఇంగేం దాచొద్దు" అన్నాడు మామ.

"వదిన ఉందా మామా?"

"తలుపు దగ్గర నిలబడుకోనుండాది."

చెప్పాను. కూర్చుని చెప్పలేకపోయాను, లేచి నిలబడ్డాను. చెట్టెక్కింది నేనని చెప్పాను. దిగలేక ఏడ్చానని చెప్పాను. అన్న చెయ్యి ఇస్తే లాక్కున్నానని చెప్పాను. నువ్వు చేత్తో కోయమంటివి గదా అని వదిన నెత్తిన వేసింది నేనేనని, భయపడి వేశానని చెప్పాను.

అటువైపు కోడి అరిచింది.

"ఏమంటాండావురా?" అంది అమ్మ. మళ్లీ "ఏమంటాండావురా నువ్వు?" అంది. మూడోసారి కూడా అదే. ఆ తర్వాత ఆమె గొంతు మనిషి గొంతులా లేదు. వెంకటేశప్ప "రామరామా" అన్నాడు, అంతే.

అప్పుడు వదిన ఫోన్ తీసుకుంది. స్పీకర్ ఆపింది, చుట్టూ ఉన్న చప్పుడు తగ్గిపోయింది.

"అయితే కాయలకు కాదా?"

"కాదు వదినా."

"నా మాటకు కాదా?"

"కాదు."

"పదకొండు నెలలప్పా," అంది. "నిద్ర లేచినప్పటినుంచి ఈ నోటిని నేనే కొట్టుకుంటి. పిల్ల నన్ను ముట్టుకుంటే కూడా నాకు బేజారు. దాని నాయన్ను చంపినదాన్ని గదా అని. నువ్వు ఆ ఊళ్లో కూర్చోని ఈ మాట కడుపులో పెట్టుకోనుంటివి."

"తప్పయింది వదినా" అన్నాను. ఎంత చిన్న మాట అది. ఇంకో మాట దొరకలేదు.

"మహారాణి అని నవ్వినాడంటివే. అదన్నా నిజమా?"

"నిజం వదినా. నయన మీద ఒట్టు."

"నా బిడ్డ మీద ఒట్టు పెట్టొద్దు నువ్వు" అని ఫోన్ పెట్టేసింది.

నమ్మిందో లేదో తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. ఇన్నాళ్లలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం, అది కూడా ఆమెకు మిగల్లేదు.

మునేష్ నాకు టీ తెచ్చిచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు డార్మిటరీ ముందు పాదచారుల వంతెన మీదుగా రోడ్డు దాటాం. సగం దాటాక గుర్తొచ్చింది, దాటుతున్నానని.


ఏప్రిల్ 28, సోమవారం

గొండోలా ఎక్కాను. మునేష్ పక్కన నిలబడ్డాడు. ఎనిమిదో అంతస్తు దగ్గర భయం మొదలైంది. పెదవులు కదిలిస్తూ నిన్నటి మాటలే చెప్పుకున్నాను. ముప్పై రెండు దాకా పోయాం. పది నిమిషాలు సీలెంట్ పూశాను. గీత వంకరపోయింది, మునేష్ సరిచేశాడు. సూపర్‌వైజర్ కాగితం మీద టిక్కు పెట్టి "గుడ్" అన్నాడు.

సాయంత్రం అమ్మ ఫోన్.

"ప్రేమ యాడికీ పోదు. వెంకటేశప్ప కాళ్లు పట్టుకున్నాను నేను, అందరి ముందర. పిల్ల ఈడనే ఉంటాది, సైకిలూ ఈడనే ఉంటాది."

"వదిన ఏమంటోందమ్మా?"

"పడుకోనుండాది. పొద్దన్నుంచి పడుకోనే ఉండాది. ముద్ద కలిపి పెడితే నా చేత్తో తినింది." ఆ వెంటనే అంది, "సంవత్సరీకానికి నువ్వు రావొద్దప్పా."

"పిండం నేనే గదమ్మా పెట్టాల?"

"మీ మామ పెడతాడు. ప్రేమ నిన్ను చూడలేనంటాండాది. నేనూ చూడలేను."

"ఎన్నాళ్లమ్మా?"

"తెలీదు" అంది. ఫోన్ పెట్టేయలేదు. ఇద్దరం అట్లాగే పట్టుకుని ఉన్నాం. చివరికి ఆమె వైపే సిగ్నల్ పోయింది.

ఇంటికి పంపేస్తారేమోనని పది నెలలు చచ్చాను. రాత్రి భోజనానికి ముందు ఆఫీసుకు పిలిచి, పరీక్ష నెగ్గినవాళ్లందరికీ పర్మిట్ పొడిగిస్తున్నామని చెప్పారు. నావైపు ఒక కాగితం జరిపారు. రెండేళ్లు. సంతకం పెట్టాను.